పెరటి మందు: సరస్వతి ఆకు గురించి పాఠకుల సందేహాలు

చర్మ సంరక్షణకు పనికివచ్చే మొక్కల గురించి ఈ శీర్షికలో రాసినప్పటి నుంచి వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా సరస్వతి ఆకు గురించే ఉన్నాయి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, ఈసారి పుట మొత్తాన్ని ఆ ఒక్క మొక్కకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: బ్రాహ్మి అని చెప్పి ఇచ్చిన మొక్కను ఆరు నెలలుగా పెంచుతున్నాను. ఆకులు చిన్నవిగా, దళసరిగా ఉన్నాయి. తెల్లని చిన్న పూలు పూస్తున్నాయి. సరస్వతి ఆకు అంటే ఇదేనా? నూరి ముఖానికి రాసుకోవచ్చా?

జవాబు: ఇది అది కాదండీ. మీరు చెప్పిన గుర్తులను బట్టి మీ కుండీలో ఉన్నది బకోపా మొన్నియేరి అయి ఉంటుంది. సరస్వతి ఆకు శాస్త్రనామం సెంటెల్లా ఆసియాటికా. రెండింటికీ బుద్ధిని పెంచుతాయన్న పేరు ఉండటంతో బ్రాహ్మి అన్న మాట రెండింటికీ అంటుకుంది. ఒకచోట బ్రాహ్మి అంటే ఒకటి, మరోచోట బ్రాహ్మి అంటే మరొకటి. సంస్కృతంలో మండూకపర్ణి అంటే ఇంత చిక్కు ఉండదు. చరక సంహిత మేధ్య రసాయనాలుగా, అంటే బుద్ధికి బలమిచ్చే మందులుగా పేర్కొన్న నాలుగింటిలో మొదట వచ్చేది మండూకపర్ణి స్వరసమే (పచ్చి రసమే), నేటి వైద్యులు ఆ పేరుతో ఎక్కువగా వాడుతున్నది సెంటెల్లానే.

గుర్తుపట్టడం కష్టం కాదు, కానీ ఒక్క గుర్తుతో తేల్చుకోకూడదు. గుండ్రని ఆకును తొడిమ తగిలే చోట బొటనవేలితో లోపలికి నొక్కితే ఎలా ఉంటుందో ఆకు అలా ఉంటుంది. అక్కడ లోతైన గంటు ఉంటుంది, ఈనెలన్నీ ఆ గంటు దగ్గరే మొదలై విసనకర్రలా విచ్చుకుంటాయి, అంచు చుట్టూ మొద్దుబారిన చిన్న చిన్న గంట్లు కనిపిస్తాయి. సాధారణంగా ఆకు వెడల్పు 2 నుంచి 5 సెంటీమీటర్లు. సన్నని తీగ నేల మీద పాకుతూ, కణుపు కణుపు దగ్గర కిందికి వేళ్లూ పైకి ఆకుల గుత్తీ వేస్తుంది. పూలు లేత గులాబీ రంగులో, ఆకులను పక్కకు తొలగిస్తే తప్ప కనిపించనంత చిన్నవిగా, నేలకు దగ్గరగా ఉంటాయి. ఇది కొత్తిమీర, క్యారెట్ల కుటుంబానికి చెందిన మొక్క కాబట్టి ఆకును నలిపితే ఆ జాతి వాసన లీలగా తగులుతుంది.

దీనిలాగే కనిపించేవి మరో రెండు ఉన్నాయి. మొదటిది హైడ్రోకోటైల్ జాతి మొక్క. దాని ఆకు నిండు గుండ్రంగా ఉండి, తొడిమ అడుగున నడిమధ్యలో గొడుగు కామలా అతుక్కొని ఉంటుంది. (నేను మొదటిసారి తెచ్చుకుని నాలుగు నెలలు నీళ్లు పోసి పెంచింది దీన్నే. ఆకును తిప్పి చూడాలన్న ఆలోచన రాకపోవడం నా తప్పే గాని మొక్క అమ్మినవారి తప్పు కాదు.) రెండోది ఎలుకచెవి ఆకు. ఆకు ఆకారంలో దగ్గరి పోలిక ఉన్నా, గరాటు వంటి పసుపు పూలు పూయగానే తేడా తెలిసిపోతుంది. అనుమానం తీరేవరకు దేన్నీ చర్మానికి తాకించకండి. మీ బకోపాను మాత్రం పీకివేయనవసరం లేదు, అదీ విలువైన మొక్కే. కాకపోతే చర్మం విషయంలో సరస్వతి ఆకుకు ఉన్నంత పరిశోధన దానికి లేదు.

ప్రశ్న: బాల్కనీలో లోతైన కుండీలో సరస్వతి ఆకు వేశాను. తొడిమలు జానెడు పొడవు సాగి, ఆకులు పాలిపోయి వాలిపోతున్నాయి. ఎరువు వేసినా మార్పు లేదు. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: లోపం వెలుతురులో ఉంది, ఎరువులో కాదు. ఈ మొక్క తనకు ఎంత వెలుతురు అందుతోందో తొడిమతో చెబుతుంది. నీడ ఎక్కువైతే తొడిమలు సాగి ఆకులు పల్చబడతాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే తొడిమలు పొట్టిగా, ఎర్రగా మారి, ఆకులు చిన్నవై గట్టిపడతాయి. ఉదయపు ఎండ మూడు నాలుగు గంటలు పడి, తరవాత పలచని నీడ ఉండే చోటికి కుండీని జరపండి. పాత ఆకులు కోలుకోవు, వాటిని కత్తిరించి తీసేస్తే రెండు వారాలలో పొట్టి తొడిమలతో కొత్త ఆకులు వస్తాయి. పాలిపోయిన మొక్కకు ఎరువు మీద ఎరువు వేయడం వల్ల వేళ్లు మాడటం తప్ప లాభం లేదు.

కుండీ ఎంపిక కూడా సరిచేయాలి. దీని వేళ్లు లోతుకు పోవు, తీగ పక్కలకు పాకుతుంది. 15 సెంటీమీటర్ల లోతు ఉండి, అడుగున రంధ్రాలున్న వెడల్పాటి బేసిన్ దీనికి చక్కగా సరిపోతుంది. తోటమట్టి రెండు వంతులు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక వంతు, ఇసుక అర వంతు కలిపితే చాలు. సహజంగా చెరువు గట్ల మీద, చెమ్మ నేలల్లో పెరిగే మొక్క కాబట్టి మట్టి ఎండిపోకూడదు. అయితే చెమ్మ వేరు, నిలవ నీరు వేరు. వేలి మొదటి కణుపు వరకు మట్టిలో గుచ్చినప్పుడు చల్లగా తడి తగలాలి గాని వేలికి బురద అంటుకోకూడదు.

విత్తనాల కోసం వెతకకండి. అవి మొలవడానికి చాలా కాలం తీసుకుంటాయి, అన్నీ మొలవవు కూడా. వేళ్లున్న కణుపులు రెండు మూడు వచ్చేలా తీగ ముక్క కత్తిరించి, మట్టి మీద పడుకోబెట్టి, కణుపులను మాత్రం కాస్త లోపలికి నొక్కి, అవి పైకి లేవకుండా వంచిన తీగ కొక్కేన్నో హెయిర్‌పిన్నో గుచ్చితే సరిపోతుంది. రెండు మూడు నెలలకు మొదటి కోతకు వస్తుంది. కోసేటప్పుడు ఆకును లాగవద్దు, లాగితే కణుపు వేళ్లతో సహా ఊడి వస్తుంది. కత్తెరతో తొడిమను కత్తిరించి, కనీసం మూడో వంతు ఆకులు మొక్క మీద మిగల్చండి. ఔషధ పదార్థాలు ఎక్కువగా ఉండేది ఆకులోనే కాబట్టి వేళ్ల జోలికి వెళ్లనవసరమే లేదు. నేలలో నాటేవారికి ఒక హెచ్చరిక: ఒకసారి కుదురుకుంటే ఇది పక్క మడులన్నింటిలోకి పాకుతుంది. అందుకే నేను కుండీనే ఇష్టపడతాను.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గాని, ఈ మొక్క విషయంలో పెరట్లో పెంచుకున్నదే మేలు. నేలలోని సీసం, కాడ్మియం వంటి భారలోహాలను పీల్చి తనలో నిలవచేసుకునే గుణం దీనికి ఉంది. మురుగు కాలువల పక్కన, రోడ్డు వారన నవనవలాడుతూ కనిపించే ఆకు ఎంత ఆరోగ్యంగా ఉన్నట్టు అనిపించినా, దాని వేళ్లు ఏ నీటిని తాగాయో కంటికి కనిపించదు.

ప్రశ్న: ఆకులకు చిల్లులు పడుతున్నాయి, కొన్నింటిపై గోధుమరంగు మచ్చలు వస్తున్నాయి. మందు కొట్టవచ్చా?

జవాబు: చర్మానికి వాడదలచిన ఆకుపై పురుగుమందు వద్దు. చిల్లులు నత్తల పని. చీకటిపడ్డాక టార్చి వేసి చూస్తే దొరుకుతాయి, చేత్తో ఏరివేయడమే ఉత్తమం. మచ్చలు చాలావరకు ఆకుల మీద నీళ్లు నిలవడం వల్ల వచ్చే బూజు తెగులు, కాబట్టి నీటిని పొద్దున్నే మొదళ్లలో పోయండి, మచ్చపడిన ఆకులను తీసి పారవేయండి. మండు వేసవిలో ఆకు అడుగున సన్నని సాలెగూడు వంటిది కనిపిస్తే అది ఎర్రనల్లి. ఆకుల అడుగు భాగానికి నీళ్లు బలంగా తగిలేలా రెండు మూడు రోజులు వరసగా కడిగితే తగ్గుతుంది.

ప్రశ్న: సరస్వతి ఆకు రాసుకుంటే రంగు వస్తుందని, మచ్చలు పోతాయని చెబుతున్నారు. ఇందులో నిజమెంత? అసలు ఈ ఆకులో ఏముంది?

జవాబు: రంగు రాదు. ఈ మాటను ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఆ ఆశతో మొదలుపెట్టినవారు ఆకు చేసే అసలు మేలును కూడా గమనించకుండా నెల రోజుల్లో విసిగిపోతారు.

ఈ ఆకు చరిత్ర తెల్లబరిచే మందుగా మొదలు కాలేదు, పుండ్లు మాన్పే మందుగా మొదలైంది. 19వ శతాబ్దం మధ్యనాటికే మారిషస్‌లో కుష్ఠు వ్రణాలకు దీనిని వాడిన వైద్యులున్నారు. 1941లో మడగాస్కర్ మొక్క నుంచి ఆసియాటికోసైడ్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఆ వెంటనే అక్కడా కుష్ఠు వ్రణాలపై ప్రయోగాలు జరిగాయి. కుష్ఠు క్రిమిని చంపే చికిత్సలు తరవాత వేరే దారిలో వచ్చాయి, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్సే నేటికీ ఆధారం. ఈ ఆకు సారం మాత్రం గాయాల లేపనాలలో, మచ్చల క్రీములలో తన చోటును నిలబెట్టుకుంది. గాయపడిన పులులు ఈ ఆకుల మీద పొర్లుతాయన్న కథను క్రీముల డబ్బాల మీద మీరు చదివే ఉంటారు. కథ అందంగా ఉంది, అంతకు మించి దానికి విలువ ఇవ్వనక్కరలేదు.

ఆకులో ముఖ్యమైనవి ఆసియాటికోసైడ్, మాడెకాసోసైడ్, ఆసియాటిక్ ఆమ్లం, మాడెకాసిక్ ఆమ్లం అనే నాలుగు పదార్థాలు. చర్మం లోపలి పొరలో కొలాజెన్ అనే పోగులను నేసే కణాలుంటాయి. ఈ పదార్థాలు ఆ కణాలను చురుకుపరుస్తాయని, వాపును, ఎర్రదనాన్ని తగ్గిస్తాయని ప్రయోగశాల పరీక్షలు చూపించాయి. అందువల్ల ఎర్రబడిన చర్మం శాంతించడం, పొడిబారి చిరచిరలాడే చర్మం కుదుటపడటం వంటివి దీని నుంచి ఆశించదగిన మేలు. మొటిమ తగ్గాక మిగిలే నల్లమచ్చ వేరు. అది అక్కడ పేరుకున్న మెలనిన్ అనే చర్మపు రంగు పదార్థం, దానంతట అదే నెలల మీద పలచబడుతుంది, ఎండ తగిలితే మళ్లీ ముదురుతుంది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రోజూ రాసుకోకుండా ఏ ఆకు ముద్ద వేసుకున్నా, చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

ప్రశ్న: ఆకులు నూరి ఫ్రిజ్‌లో పెట్టుకుని, మూడో రోజున ముఖానికి రాసుకుంటే ఎర్రని పొక్కులు వచ్చాయి. అదే ముద్ద మొదటిరోజు ఏమీ చేయలేదు. నాకు ఈ ఆకు పడదా? దీనితో నూనె కాచుకుంటే నిలవ ఉంటుందా?

జవాబు: పడకపోవడం సాధ్యమే. ఈ ఆకు సారం ఉన్న లేపనాల వల్ల చర్మానికి అలర్జీ వచ్చిన సందర్భాలు అరుదుగానైనా వైద్య పత్రికలలో నమోదయ్యాయి. అలర్జీ మొదటిసారికే బయటపడాలని లేదు, కాబట్టి మొదటిరోజు ఏమీ కాలేదన్నది పూర్తి ధీమా ఇవ్వదు. అయినా మీ ఉత్తరం చదివితే నాకు ముందుగా కలిగే అనుమానం ఆ మూడు రోజుల నిలవ మీదే. పచ్చి ఆకు ముద్దలో నీరు, చక్కెరలు, ఆకు మీది మట్టితో వచ్చిన సూక్ష్మజీవులు అన్నీ ఉంటాయి. ఫ్రిజ్ చల్లదనం వాటి పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది గాని ఆపదు. క్రీముల తయారీలో నిలవ ఉంచే పదార్థాలు కలిపేది ఇందుకే. పొక్కులు పూర్తిగా తగ్గేవరకు ముఖానికి ఏమీ రాయకండి; వారంలో తగ్గకపోయినా, చీము పట్టినా చర్మ వైద్యులకు చూపించండి.

మళ్లీ ప్రయత్నించదలిస్తే ఇలా చేయండి. పదిహేను ఇరవై ఆకులు తీసుకుని, ఒక్కొక్క ఆకును తిప్పి అడుగు భాగాన్ని కూడా పారే నీటి కింద రుద్ది కడగండి, ఎందుకంటే నేలకు దగ్గరగా పెరిగే ఆకు కావడంతో మట్టి చిందేది అక్కడే. కాచి చల్లార్చిన నీళ్లు రెండు చెంచాలు పోసి మెత్తగా నూరండి. నూరుతుంటే అంచుల్లో సన్నని నురగ తేలుతుంది. మనం కోరుకునే పదార్థాలలో కొన్ని సాపోనిన్లు, కుంకుడుకాయకు నురగనిచ్చేవీ ఆ జాతివే. ఆ పసరును పలచని గుడ్డలో వడగట్టి, ముందుగా మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర రాసి, పావుగంట తరవాత కడిగి, 48 గంటలు ఆగి చూడండి. దురద, ఎర్రదనం లేకపోతేనే ముఖానికి. పది పదిహేను నిమిషాలకు, పూర్తిగా ఆరి బిగుసుకోక ముందే కడిగివేసి, తడి ఉండగానే మీరు మామూలుగా వాడే మాయిశ్చరైజర్ రాసుకోండి. వారానికి రెండుసార్లకు మించి అవసరం లేదు. మిగిలిన పసరును మొక్క మొదట్లో పోసేయండి. నిమ్మరసం, వంటసోడా వంటివి కలపమని ఎవరు చెప్పినా వినకండి. ఎర్రదనం తగ్గించడానికి వాడే ఆకులో మంట పుట్టించేవాటిని కలపడం అర్థంలేని పని.

నూనె విషయానికి వస్తే, ఆసియాటికోసైడ్, మాడెకాసోసైడ్‌ల అణువులకు చక్కెరలు అతుక్కొని ఉంటాయి, అందువల్ల అవి నూనెలో సరిగా దిగవు. వాటిని రాబట్టడానికి కర్మాగారాలలో నీళ్లు కలిపిన ఆల్కహాల్ వాడతారు. పచ్చి ఆకులు వేసి ఊరబెట్టిన నూనె ఆకుపచ్చగా అందంగా కనిపిస్తుంది, కానీ ఆ రంగు పత్రహరితానిది. పైగా ఆకులోని తడి నూనెలో మిగిలితే బూజు పడుతుంది. మర్దనకు వాడుకోవాలనిపిస్తే ఆకును నీడలో, నలిపితే గలగలమని పొడి అయ్యేదాకా ఎండబెట్టి వేసుకోండి, అందులో ఔషధ బలం ఎక్కువ ఉందని మాత్రం అనుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయి చేయి కాలింది. బొబ్బ చితికింది. సరస్వతి ఆకు పసరు పోయవచ్చా?

జవాబు: పోయవద్దు. చర్మం ఊడిన చోట ఇంట్లో నూరిన ఏ ఆకూ పెట్టకూడదు, మట్టిలోని క్రిములకు దారి తెరిచినట్టవుతుంది. గాయాల మీద పనిచేసిందని నేను పైన రాసినది శుద్ధిచేసిన సారం గురించి, కుండీలోని పచ్చి ఆకు గురించి కాదు. కాలిన వెంటనే చేయవలసింది పారే చల్లని నీటి కింద 20 నిమిషాలు ఉంచడం. మంచుగడ్డ, వెన్న, టూత్‌పేస్టు ఏదీ వద్దు. పిల్లవాడు కాబట్టి, బొబ్బ చితికింది కాబట్టి ఈ జవాబు కోసం ఆగకుండా వైద్యులకు చూపించే ఉంటారని ఆశిస్తున్నాను. పుండు పూర్తిగా మానిపోయి, కొత్త చర్మం మూసుకున్నాక మచ్చ కోసం క్రీము వాడే విషయం వారినే అడగండి.

ప్రశ్న: నాకు ఐదో నెల. పొట్ట మీద చారలు రాకుండా ఈ ఆకు రాసుకోవచ్చా? లోపలికి తీసుకుంటే ఇంకా మంచిదని కూడా విన్నాను.

జవాబు: లోపలికి వద్దమ్మా. గర్భిణులకు దీని భద్రత రుజువు కాలేదు, ఈ ఆకు ఉన్న మాత్రలు వాడినవారిలో కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. పైపూతగా అంటారా, 1991లో ప్రచురితమైన ఒక పరీక్షలో సరస్వతి ఆకు సారం, విటమిన్ ఇ, కొలాజెన్-ఎలాస్టిన్ కలిపిన క్రీమును గర్భిణులకు ఇచ్చి చూశారు. చివరిదాకా నిలిచిన 80 మందిలో క్రీము రాసుకున్నవారిలో 34 శాతం మందికి, మందులేని క్రీము రాసుకున్నవారిలో 56 శాతం మందికి చారలు వచ్చాయి. అంకెలు ఆశాజనకంగానే ఉన్నా, పరీక్ష చిన్నది, క్రీములో మూడు నాలుగు సరుకులున్నాయి, కాబట్టి ఆ మేలు ఆకుదేనని చెప్పలేము. చారలు రావడంలో వంశపారంపర్యం పాత్ర పెద్దది. సువాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రోజూ రాసుకుంటే సాగుతున్న చర్మం దురద తగ్గుతుంది. క్రీము ఏదైనా కొనేముందు మీ వైద్యురాలికి చూపించండి.

ప్రశ్న: ఇంట్లో నూరుకునే ఓపిక లేదు. సికా అని రాసి ఉన్న క్రీములలో ఉండేది ఈ ఆకేనా? మంచిది ఎలా ఎంచుకోవాలి?

జవాబు: చాలావరకు అదే, సెంటెల్లా ఉన్న క్రీములనే సాధారణంగా సికా అంటున్నారు. నిజం చెప్పాలంటే, ఫలితం ఒక్కటే మీకు ముఖ్యమైతే ఇంటి పసరు కంటే మంచి క్రీమే నమ్మదగినది, ఎందుకంటే ఆకులోని ఔషధ పదార్థాల మోతాదు మొక్కను బట్టి, నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి మారిపోతూ ఉంటుంది. ఔషధాల కోసం తయారుచేసే ప్రామాణిక సారంలో సుమారు 40 శాతం ఆసియాటికోసైడ్, మిగిలిన 60 శాతంలో చెరిసగంగా ఆసియాటిక్, మాడెకాసిక్ ఆమ్లాలు ఉండేలా చూస్తారు. అలాంటి లెక్క రోటిలో కుదరదు.

డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలను వదిలి, వెనకవైపు సరుకుల జాబితా చదవండి. అక్కడ పేర్లు ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరసగా ఉంటాయి, 1 శాతం లోపువాటిని మాత్రం ఏ క్రమంలోనైనా రాయవచ్చు. సెంటెల్లా సారం 70 శాతం అని రాసి ఉంటే మురిసిపోకండి, ఆ సారం ఆకు నానిన నీళ్లు కూడా కావచ్చు. మాడెకాసోసైడ్, ఆసియాటికోసైడ్ అని పదార్థాల పేర్లు విడిగా ఉంటే, వాటి శాతం కూడా ఇస్తే ఆ తయారీదారుకు తాను ఏం కలుపుతున్నాడో తెలుసని అర్థం. పరిమళం కోసం కలిపినవి లేనిదాన్ని ఎంచుకుని, దాన్నీ ముందు మోచేతి మడతలోనే రాసి చూడండి.